గోనెసంచిల పిల్లికి జాగ ఏడ?

పోయిన చలికాలం ముచ్చట. పొద్దుగాల చెరువుకట్ట మీద నడిచేటోళ్లకు ఒక యూరియా బస్తా కనవడ్డది. మూతికి సుతిలి తాడు కట్టి ఉన్నది, లోపల ఏదో కదులుతున్నది. విప్పి చూస్తే ఒక తల్లి పిల్లి, నాలుగు కూనలు. ఒక కూన అప్పటికే సచ్చి కొయ్యబారిపోయింది. తల్లికి కుడికన్ను వాసి మూసుకపోయింది, వెనక కాలు కింద పెడ్తలేదు. మా పోచంపల్లి పోరగాళ్ల వాట్సప్ గ్రూపుల ఫోటో పడంగనే మెసేజ్‌ల వాన. ఏడుపు బొమ్మలు, దండం బొమ్మలు, ఎవడు చేసిండో వాని చేతులు ఇరగాలె అని తిట్లు. అన్నిట్ల పనికొచ్చే మెసేజ్ ఒక్కటే, అది ఒక ఇంటర్ చదివే తమ్ముడు పెట్టింది: "షెల్టర్ నెంబర్ ఎవరి కాడన్న ఉన్నదా?"

ఎవరి కాడా లేదు. వెతికి వెతికి హైదరాబాద్‌ల ఒక దగ్గరికి ఫోన్ కొడితే జాగ నిండిపోయింది అన్నరు. ఇంకో దగ్గర ఇప్పుడు కుక్కలనే తీస్కుంటున్నం అన్నరు. వాళ్ల మీద నాకు కోపం లేదు, ఎందుకు లేదో ముంగట చెప్త. కానీ ఆ పొద్దు ఒక్కటి సమజైంది. సంచి తాడు విప్పుడు రెండు నిమిషాల పని. విప్పినంక ఆ పాణాన్ని ఏడ పెట్టాలె అన్నదే అసలు పని. దాని గురించి మన ఊర్లల్ల ఎవరూ మాట్లాడరు, మన గ్రూపులల్ల కూడ మాట్లాడరు.

నిజం చెప్పాల్నంటే ఆ సంచిని చూసి నాకు కోపం కన్నా ముందు సిగ్గయింది. చిన్నప్పుడు నేను గూడ గీ పని చేసినోన్నే. కోడిపిల్లలను ఎత్తుకపోతున్నదని మా నాయనమ్మ ఒక పిల్లిని గోనెసంచిల ఎక్కిచ్చి నా సైకిల్ మీద పెట్టింది. పిల్లాయిపల్లి కాలువ దాటిచ్చి ఇడిసిపెట్టి వచ్చిన. (పేరు చూసి నవ్వకుండ్రి, ఆ ఊరి పేరే అది.) మూడో రోజు పొద్దుగాల లేచి చూస్తే మా వాకిట్ల కూసోని ఒళ్లు నాక్కుంటున్నది. అప్పుడు ఇల్లంత నవ్వినం. తిరిగి రాని పిల్లుల సంగతి ఏందని అప్పుడు ఆలోచన రాలేదు.

మనోళ్లల్ల ఒక భయం ఉండేది. పిల్లిని సంపితె బంగారు పిల్లిని చేయించి దానమియ్యాలె, లేకుంటె పాపం పోదు అని. బంగారం కొనే తాకత్ ఎవరికి లేకుండె గనుక సంచి కనిపెట్టిన్రు. సంపలేదు, ఇడిసిపెట్టినం అని మనసుకు చెప్పుకునుడు. కానీ కొత్త జాగల పడ్డ పిల్లికి తిండి దొరికే తావు తెల్వది, దాగే తావు తెల్వది, అక్కడ ముందే ఉన్న పిల్లులు రానియ్యయి, కుక్కలు తరుముతయి. ఇంట్ల పెరిగిన పిల్లి అయితే ఇంకా అధ్వానం. ఈ మాట నేను ఒక్కన్నే అంటలేను. 1960ల చేసిన జంతువుల మీద క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 11ల సాఫ్ రాసి ఉన్నది: ఆకలికి, దాహానికి అల్లాడే తీరుగ ఏ జంతువునైనా సరైన కారణం లేకుండ వదిలేస్తే నేరమే. మన తాతల నాటి సంచి, చట్టం లెక్కల నేరం. శిక్ష ఎంతనో తెలుసా? మొదటిసారి అయితే 10 రూపాయల నుంచి 50 రూపాయల జుర్మానా. ఇయ్యాల ఆ పైసలకు రెండు చాయలు, ఒక సమోసా వస్తయి. అరవై ఏండ్లు దాటినా ఆ అంకె మారలేదు.

గాయపరిచినా, విషం పెట్టినా, సంపినా మాత్రం ఇంకో చట్టం ఉన్నది. పాత ఐపీసీల 428 సెక్షన్ కింద జంతువు ఖరీదు కనీసం 10 రూపాయలు ఉంటేనే కేసు. ఊరపిల్లి ఖరీదు ఎవరు కట్టాలె? సంతల అమ్మరు, కొనరు. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితల సెక్షన్ 325 ఆ ఖరీదు ముచ్చటనే తీసేసింది. ఏ జంతువునైనా సంపితే, విషం పెడితే, కాళ్లు చేతులు ఇరగ్గొడితే అయిదేండ్ల దాక జైలు పడొచ్చు. సర్కారు బర్రె, సేటు పర్షియన్ పిల్లి, మన పెంకుటింటి నల్లపిల్లి, చట్టం ముంగట ముగ్గురూ ఒక్కటే. పోలీస్ స్టేషన్ పోతే "పిల్లి మీద కేసేందిరా" అని నవ్వొచ్చు. నవ్వనియ్యుండ్రి. ఫోటో, వీడియో, తారీఖు, జాగ రాసి దరఖాస్తు ఇచ్చి, అందినట్టు సంతకం తీస్కోండ్రి.

ఇదంత ఇప్పుడెందుకంటే, మొన్న మొన్ననే మన రాష్ట్రంల ఏమైందో మీరు చూసిన్రు. 2025 డిసెంబర్‌ల పంచాయతీ ఎన్నికలైనయి. కుక్కల బెడద తీరుస్తమని కొన్ని ఊర్లల్ల ఓట్లు అడిగిన్రు. 2026 జనవరిల హన్మకొండ, కామారెడ్డి జిల్లాల ఊర్లల్ల, మనకు దగ్గరి యాచారంల కుక్కలను వందల లెక్కన విషం ఇచ్చి సంపిన్రని ఫిర్యాదులు వచ్చినయి, కేసులైనయి, వాటిల్ల సర్పంచుల పేర్లు కూడ ఎక్కినయి. అంతకు రెండేండ్ల ముందు, 2024 ఫిబ్రవరిల మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌ల రాత్రిపూట తుపాకులతోని ఇరవై దాక కుక్కలను కాల్చి సంపిన్రు. ఎన్నికల హామీలల్ల నల్లా నీళ్లు, సీసీ రోడ్లు, ఆ తర్వాత కుక్కల పీనుగులు.

కుక్కకాటుతోని పిల్లలు పోయిన ఇండ్ల బాధ చిన్నది కాదు. 2023 ఫిబ్రవరిల అంబర్‌పేటల చిన్న పోరగాన్ని కుక్కలు కొరికి సంపిన వీడియో చూసినోళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ తల్లిదండ్రుల ముంగట నిలవడి జీవకారుణ్యం అని ఉపన్యాసం ఇచ్చే మొకం నాకు లేదు. కానీ విషం కలిపిన అన్నం గోడ పక్కన పెడితే అది కుక్క పేరు రాసుకొని ఉండదు. పిల్లి తింటది, కోడి తింటది, కాకి తింటది. చచ్చిన ఎలుకను తిన్న పిల్లి గూడ సస్తది. ఊర్ల పిల్లులు ఎన్ని పోయినయి అని ఎవరూ లెక్క పెట్టలేదు, పెట్టరు. పిల్లి చచ్చేటప్పుడు మూలకు పోయి దాక్కుంటది. దాని పీనుగు రోడ్డు మీద కనవడది, వార్త కాదు.

ఇగ షెల్టర్ల ముచ్చట. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుముట్టు కుక్కలన్నిటిని పట్టి షెల్టర్లల్ల పెట్టుండ్రి అన్నది. దేశమంత లొల్లి అయితే ఆగస్టు 22న ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది: పిల్లలు కాకుండ ఆపరేషన్ చేసి, టీకా ఏసి, పట్టిన కాడనే ఇడువాలె, రేబిస్ ఉన్నయి, మీదపడి కరిచేటియి తప్ప. మళ్ల నవంబర్ 7న బడులు, దవాఖానలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి తీసిన కుక్కలను తిరిగి అక్కడ ఇడువొద్దు, షెల్టర్లకు పంపుండ్రి అన్నది. కోర్టు చెప్పింది మంచిదా చెడ్డదా అని టీవీలల్ల గంటలు గంటలు వాదించుకున్నరు. నా సందేహం చిన్నది. ఆ షెల్టర్లు ఏడున్నయి? మన జిల్లా కేంద్రం భువనగిరి, మనది మున్సిపాలిటీ అయ్యింది 2018ల. చెత్త బండికి డీజిల్ కోసమే లెక్కలు చూసుకునే ఊర్లల్ల వందల కుక్కలను కూసోబెట్టి సాదుతరా? ఉన్న నాలుగు షెల్టర్లు కుక్కలతోని నిండితే పిల్లికి తలుపు ముందే మూసుకుంటది. ఆ ఉత్తర్వులల్ల పిల్లి ప్రస్తావన లేదు, కానీ దెబ్బ మాత్రం పిల్లికీ తగుల్తది. మాకు "కుక్కలనే తీస్కుంటం" అన్న జవాబు గట్లనే వచ్చింది.

ఫోన్ల జాగ లేదన్న షెల్టర్ మీద కోపం లేదన్న కదా. ఎందుకంటే అటెనుక ఒక అన్న పుణ్యాన హైదరాబాద్‌ల ఒక షెల్టర్ లోపలికి పోయి చూసిన. బయట గేటు కాడ అట్టపెట్టెల కూనలను పెట్టి పారిపోయేటోళ్ల కోసం సీసీ కెమెరా పెట్టుకున్నరు. లోపల పిల్లుల గది. పది ఉండాల్సిన కాడ ముప్పై. మూలకు మొకం పెట్టి కూసున్నయి కొన్ని. కంటి పుసులు, తుమ్ములు, ఒంటి మీద తామర మచ్చలు. సాదేటోళ్లు చెడ్డోళ్లు కారు. ఇద్దరు ఆడమనుషులు పొద్దంత ఊడ్సుడు, కడుగుడు, మందులు పోసుడు. అయినా సరిపోతలేదు.

పిల్లి కుక్క లెక్క గుంపుల బతికే పాణం కాదు. పిల్లికి ఒక హద్దు కావాలె, దాక్కునే సందు కావాలె, ఒకల మొకం ఒకలకు కనవడకుండ ఉండే జాగ కావాలె. అవి లేకుంటె భయంతోని తిండి ముట్టదు. తినని పిల్లికి రోగం తొందరగ పట్టుకుంటది. షెల్టర్లల్ల కూనలను ఊడ్సుకపోయేది ఫెలైన్ పాన్‌ల్యూకోపీనియా అని ఒక వైరస్, కుక్కల పార్వోకు దగ్గరి సుట్టం. వాంతులు, విరేచనాలు, రెండు మూడు రోజులల్ల పాణం పోతది. మామూలు ఫినాయిల్‌కు అది చావది, బ్లీచింగ్ కావాలె, గిన్నెల మీద, నేల మీద నెలల తరబడి బతుకుతది. టీకా ఉన్నది, కూనకు రెండు నెలల వయసు రాంగనే ఏయించొచ్చు. కానీ గేటు కాడ అట్టపెట్టెల దొరికిన నెల కూనకు టీకా ఏసేదాక వైరస్ ఆగదు కదా. సంచిల ఏసినోడు ఒక తీరుగ సంపితె, మంచి మనసుతోని తీస్కపోయి కిక్కిరిసిన షెల్టర్‌ల పడేసినోడు ఇంకో తీరుగ సంపినట్టు అయితది. ఇది చెప్తే మస్తు మందికి నచ్చది.

పైసలున్న దేశాలల్ల బాగుంటది అనుకునేరు. అమెరికాల 2023ల షెల్టర్లల్ల దాదాపు 6.9 లక్షల కుక్కలు, పిల్లులకు సూది ఇచ్చి ప్రాణం తీసిన్రని అక్కడి ఏఎస్‌పీసీఏ సంస్థనే అంచనా కట్టింది. అందుల పిల్లులు 3.3 లక్షల దాక. తీస్కపోయేటోళ్లు లేక, పెట్టేటందుకు జాగ లేక, రోగం కుదరక. టర్కీ 2024 జులైల వీధి కుక్కలను షెల్టర్లల్ల పెట్టాలని చట్టం చేస్తే, ఆ షెల్టర్లే సావు గదులు అయితయని అక్కడి జనం రోడ్లెక్కిన్రు. అదే టర్కీల ఇస్తాంబుల్ చూడుండ్రి, వేల పిల్లులు దుకాణాలల్ల, మసీదు మెట్ల మీద, హోటల్ కుర్చీలల్ల. వీధి మొత్తం కలిసి సాదుతది. జపాన్‌ల ఇంకో పద్ధతి: వీధి పిల్లిని పట్టి, ఆపరేషన్ చేసి, చెవి కొనను చెర్రీ పువ్వు రేకు తీరుగ కొంచెం కత్తిరించి, పట్టిన కాడనే ఇడుస్తరు. చెవి చూస్తే ఆపరేషన్ అయినట్టు దూరం నుంచే ఎరుకైతది, మళ్ల మళ్ల పట్టే పని ఉండది.

మనకు ఇస్తాంబుల్ దాక పోయే పని లేదు. నేతోళ్ల ఇండ్లు చూస్తే చాలు. పోచంపల్లిల మగ్గం ఉన్న ఇంట్ల పిల్లి అంటే ముద్దు చేసేటందుకు కాదు, పనికి పెట్టుకున్నట్టు. గంజి పట్టిన నూలుకు ఎలుకలు మరుగుతయి. ఆసు పోసి, టై అండ్ డై చేసి, రంగులేసి, లెక్క తప్పకుండ సర్దుకున్న పట్టుపోగును ఒక్క రాత్రి ఎలుక కొరికిందంటే ఆ డిజైన్ పోయినట్టే, అతుకులేసినా గీత కలువది. ఇంటిల్లిపాది వారాల కష్టం, షావుకారు కాడ తెచ్చిన పట్టు అప్పు రెండూ మీదపడ్తయి. అందుకే మగ్గం గుంతల పిల్లి ఈనినా ముసలోళ్లు కదిలించేటోళ్లు కారు. కాళ్ల పావళ్లు తొక్కకుండ రెండు రోజులు నేత ఆపిన తాత నాకు ఎరుకే. పోగును గోళ్లతోని లాగి చిక్కు చేస్తదని తిట్టుకుంటనే గిన్నెల ఇంత మజ్జిగన్నం పెట్టేటోళ్లు. 2021ల ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మన ఊరికి మేలైన పర్యాటక గ్రామం అని పేరు ఇచ్చినంక ఆదివారాలు వచ్చేటోళ్లు మగ్గం మీద పండుకున్న పిల్లికి ఫోటోలు తీస్కుంటున్నరు. ఆ ఫోటోల ఎనుక ఇంత లెక్క ఉన్నదని వాళ్లకు తెల్వది.

ఆ లెక్క ఇప్పుడు తప్పింది. పెంకుటిండ్లు పోయి స్లాబులు వచ్చినయి, మగ్గాలు తగ్గినయి, ఎలుకలకు పిల్లికి బదులు విషం బిళ్ల వచ్చింది, జిగురు అట్ట వచ్చింది. విషం తిన్న ఎలుక ఒకటి రెండు రోజులు సోలుకుంట తిరుగుతది, పిల్లికి తేల్క దొరుకుతది, ఆ విషం పిల్లి కడుపులకు పోతది. జిగురు అట్టల కూనలు అతుక్కునుడు నేను రెండుసార్లు చూసిన. గుంజితే తోలు ఊడొస్తది. వంటనూనె మెల్లగ రుద్దితే జిగురు వదుల్తది, అటెనుక సబ్బు నీళ్లతోని కడిగి తుడువాలె. ఇది గుర్తు పెట్టుకోండ్రి, ఎప్పుడో ఒకసారి అక్కరకొస్తది.

ఇంకో కొత్త రోగం పట్నం నుంచి వచ్చింది. పర్షియన్ పిల్లులు. వేల రూపాయలు పెట్టి పుట్టినరోజు కానుక అని తెచ్చుడు, రీల్స్ చేసుడు. ఆ బొచ్చు రోజూ దువ్వాలె, కండ్లు రోజూ తుడువాలె, చప్పిడి ముక్కుతోని ఎండకాలం ఊపిరి తిప్పలు పడ్తది. ఆరు నెలలకు మోజు తీరంగనే "ఎవరికన్న ఫ్రీగ ఇస్తం" అని పోస్టు. ఎవరూ రాకుంటె ఊరవతల ఫామ్‌హౌస్ గేటు కాడ. మన నల్లగొండ ఎండల ఆ పాణం వారం బతకది, ఎలుకను పట్టుడు దానికి ఎవరు నేర్పిన్రు? పెంపుడు దుకాణాలకు 2018ల కేంద్రం రూల్స్ పెట్టింది, రిజిస్ట్రేషన్ లేకుండ అమ్మొద్దు, ఎనిమిది వారాల లోపు కూనలను అమ్మొద్దు. కొనేటప్పుడు రిజిస్ట్రేషన్ కాగితం చూపియ్యమని ఎవరన్న అడిగిన్రా? నేను గూడ అడగలేదు, మా చిన్నబాపు బిడ్డకు కొనిస్తున్నప్పుడు పక్కనే ఉన్న.

మళ్ల మా సంచి పిల్లి దగ్గరికి వస్త. షెల్టర్ లేదు గనుక ఒక సోపతిగాని ఇంట్ల నూలు పెట్టుకునే చిన్న గది ఖాళీ చేసినం. ముందు పని వెచ్చదనం. చల్లవడ్డ కూనకు పాలు పోస్తే అరగది, ఊపిరితిత్తులల్లకు పోతది, కాబట్టి గుడ్డల చుట్టిన వేడినీళ్ల సీసా పక్కన పెట్టినం. తల్లి బతికి ఉన్నది గనుక పాల తిప్పలు తప్పినయి. తల్లి లేని కూనలకు ఆవుపాలు, బర్రెపాలు పోస్తే విరేచనాలు పడ్తయి, కూనల పాలపొడి వేరేది దొరుకుతది. మంచి చేస్తున్నమనుకొని ఒకడు తల్లికి జ్వరం గోళి సగం విరిచి తెచ్చిండు. పారాసిటమాల్ పిల్లికి విషం, సగం గోళి చాలు సంపేటందుకు. మనిషి మందు ఏదీ ఎయ్యకుండ్రి. ఇంకోటి, ఆ తొందరల తల్లి పిల్లి ఒకని చెయ్యి కొరికింది. పిల్లి కరిచినా, గోరు గీరినా రేబిస్ భయం ఉన్నది. పావుగంట సబ్బు పెట్టి నల్లా కింద కడిగి, అదే రోజు పీహెచ్‌సీకి పోయి సూది ఏయించి, చెప్పిన తారీఖులకు అన్ని డోసులు ఏయించినం. పసుపు, సున్నం రాసి ఊకునుడు కాదు.

పశువుల దవాఖానకు తీస్కపోతే డాక్టర్ సారు మంచిగనే చూసిండు, కానీ ఆయన కాడ ఉన్న మందులన్నీ గొర్లకు, బర్లకు. పిల్లికి సరిపోయే సన్నటి సూది కూడ బయట మందుల దుకాణంల కొనుక్కొచ్చినం. 2017ల మన రాష్ట్రం 1962 బండ్లు పెట్టింది, ఫోన్ చేస్తే పశువుల కాడికే వస్తయి. రైతుకు అవి దేవుడి లెక్క. పిల్లి కోసం ఫోన్ చేసి చూడుండ్రి, ఆ తల్లి ఏమంటదో. తప్పు బండి నడిపేటోళ్లది కాదు, మన పశువైద్యం అంత పాలు, మాంసం లెక్కల మీద కట్టిన ఇల్లు. పిల్లికి ఆ ఇంట్ల అర్ర లేదు. ఆఖరికి చందా ఏసుకొని తల్లికి పట్నంల ఆపరేషన్ చేయించినం. ఖర్చు చూసి కండ్లు తిరిగినయి, కానీ ఆడపిల్లికి నాలుగైదు నెలల వయసుకే ఎదకొస్తది, రెండు నెలల చిల్లర మోస్తది, ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు మూడు నాలుగు కూనలు. ఆపరేషన్ చేయించకుండ కాపాడుడంటే రంధ్రం ఉన్న పడవల నీళ్లు తోడుడే. సంచులు పుట్టేది గా ఈతల కాడనే.

మిగిలిన మూడు కూనలకు ఇండ్లు చూసే పని వచ్చింది. ఈడ నేను చేసిన తప్పు చెప్పాలె. మొదటి కూనను నేనే ఇచ్చిన, అడిగిన మొదటోనికి. "నేను సాదుకుంట అన్నా" అన్నడు, బండి మీద పెట్టి పంపిన. మళ్ల పోయి చూడలే. ఇరవై రోజులకు తెలిసింది, మెడకు నైలాన్ తాడు కట్టి డాబా మీద ఉంచిన్రు, ఎండకు నీళ్లు లేక పోయింది. వాడు రాక్షసుడేం కాదు, కుక్కను కట్టేసినట్టు పిల్లిని కూడ కట్టేస్తరనుకున్నడు. చెప్పాల్సింది నేను.

అప్పటి నుంచి మా ఊరి పేరు ఇన్నప్పుడల్ల నాకు ఒకటి మనసుల గుచ్చుకుంటది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఈడ కూసోని భూమి లేనోళ్లకు భూమి ఎవరిస్తరని అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తనన్నడు. అక్కడి నుంచి దేశమంత భూదానం అయింది. ఇచ్చినోళ్ల పేర్లు పుస్తకాలల్ల ఉన్నయి. ఇచ్చినంక ఆ భూములు ఎవరి చేతులల్ల ఉన్నయి, సాగైనయా, కబ్జా అయినయా అని వెంటపడి చూసేటోళ్లు తక్కువై ఎంత భూమి ఆగమైందో కూడ మనకు ఎరుకే. దానం ఒక్క పొద్దు పని, ఎనుక చూసుకునుడు ఏండ్ల పని. భూమితోని పిల్లిని పోలుస్తవా అని తిట్టేటోళ్లు తిట్టుండ్రి, నాకు మాత్రం ఆ తాడు చూసినప్పుడు గదే గుర్తొచ్చింది.

రెండో కూనను ఇచ్చేటప్పుడు ఇంటికి పోయి చూసినం. ఇల్లు కిరాయిదా సొంతమా, ఇంటి యజమాని ఒప్పుకుంటడా, ముసలమ్మకు పిల్లి అంటే అపశకునమా, ఇంట్ల ఎలుకల మందు పెడ్తున్నరా, పెండ్లికి నాలుగు రోజులు ఊరికి పోతే తిండి ఎవరు పెడ్తరు? పిల్ల సంబంధం చూసేటప్పుడు కూడ ఇన్ని అడగరని ఆ ఇంటి అత్త నవ్వింది. కానీ జవాబులు చెప్పింది. ఆపరేషన్‌కు ఈడు రాంగనే మేమే తీస్కపోతమని చెప్పినం. వారానికోసారి ఫోటో పెట్టమన్నం.

పెద్ద పిల్లిని మార్చేటప్పుడు ఇంకో ముచ్చట. కుక్క మనిషిని నమ్ముతది, పిల్లి ఇంటిని నమ్ముతది అని ఊకె అనలే పెద్దోళ్లు. కొత్త ఇంట్ల ఒక్క గదిల, దాక్కునేటందుకు ఒక అట్టపెట్టెతోని, కనీసం రెండు మూడు వారాలు బయటికి ఇడువకుండ ఉంచాలె. మొదటి మూడు రోజులు అది మంచం కిందనే ఉంటది, తినది, బుసకొడ్తది. దెబ్బలు తిన్న పిల్లి అయితే నెలలు పడ్తది. చెయ్యి చాపి పట్టకుండ్రి, కింద కూసోని మీ పని మీరు చేసుకోండ్రి, అదే వస్తది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం దాక మనిషి చెయ్యి తగిలిన కూన ఇంటిపిల్లి అయితది. ఆ ఈడుల మనిషిని చూడకుండ పెరిగిన పిల్లిని ఇంట్ల మూస్తే అది దానికి జైలే. దానికి ఇల్లు వెతుకుడు మన ఆశ, దాని అక్కర కాదు. ఆపరేషన్ చేయించి, టీకా ఏయించి, పట్టిన కాడనే ఇడిసి, ఇంత తిండి చూసుకుంటె అదే దానికి మేలు.

దీనికంతకు సర్కారు నుంచి ఏం కావాలె అంటే, కోట్ల రూపాయల షెల్టర్ బిల్డింగ్ నేను అడుగుతలేను. కడ్తరు, రిబ్బన్ కట్ చేస్తరు, ఏడాదికి గోదాం అయితది. 2001ల కేంద్రం పెట్టిన రూల్స్ ప్రకారం ప్రతి జిల్లాకు జంతు క్రూరత్వ నిరోధక సంఘం ఒకటి ఉండాలె. మన జిల్లాల అది ఎప్పుడు కూసున్నది, ఏం తీర్మానం చేసింది, ఎన్ని పైసలు ఖర్చు పెట్టింది అని 10 రూపాయలు పెట్టి కలెక్టరేట్‌ల ఆర్టీఐ ఏయొచ్చు. ఎన్నికలకు తిరిగిన పోరగాళ్లు ఒక్క దరఖాస్తు రాయలేరా? రాజేంద్రనగర్‌ల పీవీ నరసింహారావు పేరు మీద పశువైద్య విశ్వవిద్యాలయం ఉన్నది, సదువుకునే పిల్లలకు చేతిపని కావాలె, మనకు ఆపరేషన్లు కావాలె. నెలకొకసారి మన పశువుల దవాఖానల ఒక గది ఇచ్చి, ఒక క్యాంపు పెట్టుమని మున్సిపాలిటీ లెటర్ రాసుడు అంత పెద్ద పనేం కాదు. పంచాయతీలు విషానికి పెట్టే పైసలు గీడ పెట్టినా కొంత నడుస్తది.

మా ఊరి గ్రూపుల ఇప్పుడు ఒక కాగితం తిరుగుతున్నది. ఎవరింట్ల ఒక గది వారం రోజులు ఇయ్యొచ్చు, ఎవరి కాడ బుట్ట ఉన్నది, ఎవరికి బండి ఉన్నది, ఎవరు పట్నం పోతున్నరు, గంతే. పదకొండు పేర్లు ఎక్కినయి. అందుల ఏడుగురు ఆడపిల్లలు, అక్కలు. ఫోటోకు ఏడుపు బొమ్మలు పెట్టినోళ్లు చాలమంది అందుల లేరు.

తల్లి పిల్లి కుడికన్ను పోయింది, కాలు కుంటనే ఉన్నది. మగ్గం ఉన్న ఒక ముసలమ్మ తీస్కపోయింది. కుంటిది నీకెందుకమ్మా అంటే, నాకు మాత్రం మోకాళ్లు సక్కగున్నయా అన్నది. మొన్న పోయి చూస్తే పడుగు కింద నీడల పండుకొని ఉన్నది, నన్ను చూసి లేవలేదు. మూడో కూన, నల్లది, తోక కొన తెల్లది, ఇంకా మా ఇంట్లనే ఉన్నది. ఇల్లు మంచిగ కుదిరితేనే ఇస్త. రావాల్నంటే రాండ్రి, గాలి ఆడే బుట్ట తెచ్చుకోండ్రి. సంచి తెచ్చినోనికి మాత్రం ఇయ్య.